సిరిమాను కనబడాలంటే మా అమ్మని ఎక్కడ కూర్చోబెట్టాలి?

మాది శ్రీకాకుళం. విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి అమ్మని వరుసగా రెండేళ్లు తీసుకెళ్లాను, రెండుసార్లూ ఫెయిలే. అమ్మకి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పావుగంటకి మించి నిలబడలేదు.

2024 అక్టోబరు 15న మధ్యాహ్నం పన్నెండుకే మూడు లాంతర్ల దగ్గర, గుడికి ఎదురుగా చోటు పట్టాం. రెండు దాటాక తాడు కట్టి అందర్నీ వెనక్కి నెట్టేశారు. సిరిమాను అంటే పొడవాటి చెట్టు మాను; దాని చివర కూర్చున్న పూజారిగారు గాల్లో కనిపించారు గానీ, ముందు నడిచే పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల ఒక్కటీ కనబడలేదు. అమ్మ చూసిందల్లా ముందాయన చొక్కా, దానిమీద ఎవరో మానుమీదకి విసిరితే గురి తప్పి పడిన అరటిపండు మరక.

2025 అక్టోబరు 7న తెలివిగా మడత స్టూలు పట్టుకెళ్లి కోటవైపు చేరాం. స్టూలు విప్పడానికి జాగా ఉంటే కదా! పక్కనున్న మేడవాళ్లని అడిగితే, చుట్టాలతోనే నిండిపోయిందన్నారు. వారం ముందు ఫోన్ చేస్తే లాడ్జీలోనూ రూము దొరకలేదు.

ఈసారి తొలేళ్ల నాడే, అంటే సిరిమానుకి ముందురోజు సోమవారమే వచ్చేయడానికి సిద్ధం. టీవీలో చూపించమని మాత్రం చెప్పకండి, అమ్మతో ఆ మాట అనే ధైర్యం నాకు లేదు.

మాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కదా, ఆ దారిలో పెద్దావిడ కూర్చుని ఊరేగింపు మొత్తం చూడగలిగే చోటు ఏదండీ?