అప్‌డేట్: మా స్కూల్ లైబ్రరీ ట్రైనింగ్ అయింది

సికింద్రాబాద్‌లోని మా స్కూల్లో లైబ్రేరియన్ మేడమ్‌కీ, టీచర్లకీ కంప్యూటర్ మీద ఏం నేర్పాలని పోయిన నెల అడిగాను కదా. మీరు చెప్పినట్టే కోహాతో మొదలుపెట్టాం. న్యూజిలాండ్‌లో పుట్టి, 2000 నుంచి వాడుకలో ఉన్న ఉచిత లైబ్రరీ సాఫ్ట్‌వేర్ అది. ఇంగ్లిష్ పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద అచ్చువేసే గుర్తింపు నంబరు) కొడితే చాలావరకు వివరాలు వాటంతట అవే వచ్చాయి. మన పాత తెలుగు పుస్తకాలకు ఆ నంబరే లేదు, అన్నీ చేత్తో టైప్ చేయాల్సిందే.

అసలు చిక్కు పేర్ల దగ్గర వచ్చింది. ఒకే రచయితను ఒకరు ఇంటిపేరుతో, ఒకరు పొడి అక్షరాలతో, ఇంకొకరు ఇంగ్లిష్‌లో కంప్యూటర్లో ఎక్కించారు. వెతికితే ఆయన పుస్తకాల్లో మూడింట ఒక వంతే కనిపించాయి. దాంతో అందరం కూర్చుని ఇంటిపేరు ముందు, పూర్తిగా, తెలుగులోనే అని తేల్చుకున్నాం. ఈ ఒక్క గంట మిగతా రెండు రోజుల పెట్టు!

రెండో రోజు నెట్ పోయింది, కాస్త టెన్షన్ పడ్డాం. పిల్లల కథలు ఉచితంగా దొరికే స్టోరీవీవర్ సైట్ నుంచి కథలు ముందే డౌన్‌లోడ్ చేసుకోవడం మంచిదైంది. అవి క్రియేటివ్ కామన్స్ (రాసినవాళ్ల పేరు చెప్పి ఉచితంగా పంచుకోవచ్చనే లైసెన్స్) కింద ఉన్నాయి కాబట్టి ప్రింట్ తీసి పంచినా ఇబ్బంది లేదు. మూడో తరగతి టీచర్ ఒక కథను గోడ మీద పెద్ద అక్షరాలతో వేస్తే, ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు వెనక బెంచీ నుంచి లేచి చదివాడు. మేడమ్ కళ్లు తుడుచుకున్నారు.

ఇంకా నాలుగు బీరువాల పుస్తకాలు కంప్యూటర్లో ఎక్కించాలి. శనివారం మళ్లీ కూర్చుంటున్నాం.