తెల్లవారుజామున విజిబిలిటీ సెన్సర్ తక్కువ చూపిస్తోంది, స్కేల్ ఫ్యాక్టర్ మార్చవచ్చా?

రన్‌వే_అంచు:
చిన్న ట్రైనింగ్ ఎయిర్‌ఫీల్డు, చుట్టూ వరిచేలు. ఆటోమేటిక్ వెదర్ స్టేషన్‌లో ఫార్వర్డ్ స్కాటర్ రకం (గాలిలోని తుంపరలు కాంతిని ఎంత చిమ్ముతున్నాయో చూసి ఎంత దూరం కనిపిస్తుందో లెక్కకట్టే) విజిబిలిటీ సెన్సర్ ఉంది, 2.5 మీటర్ల ఎత్తున. వారం నుంచి పొద్దున 5 మొదలు 8 దాకా 1200–1500 మీటర్లు చూపిస్తోంది. అదే టైములో టవర్ నుంచి చూస్తే 3 కిలోమీటర్ల అవతలి వాటర్ ట్యాంకు కనిపిస్తూనే ఉంది. 9 దాటాక రీడింగ్ దానంతటదే సర్దుకుంటుంది. లెన్స్ తుడిచినా మార్పు లేదు. కంటామినేషన్ అలారం కూడా రావట్లేదు. స్కేల్ ఫ్యాక్టర్ (రీడింగ్‌ని గుణించే అంకె) కాస్త పెంచితే సరిపోతుందని ఒకరు సలహా ఇచ్చారు. పెంచవచ్చా?

గాలికోడి:
పెంచకండి. మధ్యాహ్నం సరిగ్గా చూపించే సెన్సర్‌కి కాలిబ్రేషన్ (కొలత సరిచూసిన అమరిక) తప్పలేదన్నమాటే. ఇప్పుడు ఫ్యాక్టర్ పెంచితే రేపు నిజంగా పొగమంచు పట్టినప్పుడు 600 మీటర్లని 1000గా చెబుతుంది. విజిబిలిటీ తక్కువ చూపిస్తే విమానం ఆలస్యమవుతుంది, ఎక్కువ చూపిస్తే ప్రమాదం.

మీరు చెప్పిన లక్షణాలకి మొదట అనుమానించాల్సింది సాలెగూడు. కాంతిని పంపే ట్రాన్స్‌మిటర్ హుడ్‌కీ (గాజు మీది కప్పు), దాన్ని అందుకునే రిసీవర్ హుడ్‌కీ మధ్య ఒక్క పోగు సాగినా చాలు. ఎండలో అది కంటికి ఆనదు, సెన్సర్‌కీ పెద్దగా తెలియదు. తెల్లవారేసరికి దాని నిండా మంచుబొట్లు పడతాయి, ఒక్కో బొట్టూ కాంతిని రిసీవర్ వైపు చిమ్ముతుంది. సెన్సర్ దాన్ని పొగమంచు అనుకుంటుంది. ఎండెక్కి తడి ఆరితే మళ్లీ మామూలే. మీ 9 గంటల లెక్క అదే.

అలారం రాలేదంటే ఆశ్చర్యం లేదు. అది చూసేది గాజు మీది మురికినే. గాజు ముందు గాలిలో వేలాడేదాని జోలికి పోదు. రేపు సూర్యోదయానికి ముందు టార్చి తీసుకెళ్లి ఏటవాలుగా వేసి చూడండి. నేరుగా వేస్తే పోగు కనబడదు. హుడ్ లోపలి అంచులు, సెన్సర్ చేతుల (హుడ్‌లను మోసే కమ్మీల) కింది భాగం, కేబుల్ దిగే చోటు కూడా వదలొద్దు. హుడ్ హీటర్ వెచ్చదనానికి సాలీళ్లు, కందిరీగలు అక్కడే కాపురం పెడతాయి.

మంచుతెర:
గాలికోడి గారి మాటకి ఒక చేర్పు. లెన్స్ మురికికీ సాలెగూడుకీ తప్పు చెరో దిక్కుకు పోతుంది. ఫార్వర్డ్ స్కాటర్‌లో గాజు మురికిపడితే రిసీవర్‌కి చేరే కాంతి తగ్గుతుంది, కాబట్టి సెన్సర్ దాన్ని సరిచేసుకోకపోతే విజిబిలిటీ ఎక్కువ చూపిస్తుంది. మధ్యలో గూడు ఉంటే తక్కువ చూపిస్తుంది. మీకు తక్కువ చూపిస్తున్నప్పుడు లెన్స్ తుడవడం వల్ల ఫలితం లేకపోవడం సహజమే.

ట్రాన్స్‌మిసోమీటర్ (ఒక చోటి నుంచి నేరుగా ఇంకో చోటికి ఎంత కాంతి చేరిందో కొలిచే పరికరం) సంగతి దీనికి తలకిందులు. అక్కడ గాజు మురికి అంటే విజిబిలిటీ తగ్గినట్టే. 75 మీటర్ల బేస్‌లైన్‌లో (దీపానికీ రిసీవర్‌కీ మధ్య దూరం) కాంతి 1 శాతం తగ్గినా అసలు 10 కిలోమీటర్లున్న రీడింగ్ దాదాపు 6.9కి పడిపోతుంది. బేస్‌లైన్ 30 మీటర్లయితే 4.7కి. అదే 500 మీటర్ల పొగమంచులో 75 మీటర్ల పరికరం 490 దగ్గర చూపిస్తుంది, అంతే. అందుకే ఆర్‌వీఆర్ (రన్‌వే మీద పైలట్‌కి కనిపించే దూరం) కోసం అది బాగా పనికొస్తుంది, తేట వాతావరణంలో దాని అంకె మీద మరీ ఆధారపడకూడదు.

ఇంకో మాట. పొద్దున 5కి మన వైపు శీతాకాలంలో ఇంకా చీకటే కదా. అప్పుడు మీకు కనిపించేది ట్యాంకా, దాని మీది ఎర్రలైటా? లైటైతే పోలిక చెల్లదు. రాత్రి విజిబిలిటీకి లెక్క 1000 కాండెలాల (కాంతి తీవ్రత కొలమానం) దీపం ఎంత దూరం నుంచి కనబడుతుందన్నది. సెన్సర్ కొలిచే ఎంఓఆర్ (గాలి తేటదనాన్ని మీటర్లలో చెప్పే కొలత, దీపాల లెక్క ఇందులో ఉండదు) 1000 మీటర్లుంటే, రన్‌వే దగ్గర మామూలు రాత్రి వెలుతురులో అలాంటి దీపం దాదాపు 1900 మీటర్ల దాకా కనబడుతుంది. మీ సాఫ్ట్‌వేర్ టవర్‌కి పంపేది ఎంఓఆరా, బ్యాక్‌గ్రౌండ్ లూమినెన్స్ (చుట్టూ ఉన్న వెలుతురు) కలిపి లెక్కకట్టిన విజిబిలిటీయా చూడండి. ఆ లూమినెన్స్ సెన్సర్ ఉత్తరం ఆకాశం వైపే తిరిగి ఉండాలి. ఏప్రన్ (విమానాలు నిలిపే చోటు) ఫ్లడ్‌లైటు దాని మీద పడితే రాత్రంతా పగలనుకుంటుంది.

రన్‌వే_అంచు:
5కి కనిపించింది లైటే, ఒప్పుకుంటున్నా. 6:50కి ట్యాంకు ఆకారమే స్పష్టంగా ఉంది, రీడింగ్ మాత్రం 1400. టార్చి వేస్తే రిసీవర్ హుడ్ పెదవి నుంచి కింది చేయి దాకా మూడు పోగులు, ఆవగింజల్లా బొట్లు. తీసేశాక పది నిమిషాల్లో 3800కి వచ్చింది. ఎలాగూ పని మొదలుపెట్టాం కాబట్టి కాలిబ్రేషన్ చెక్ కూడా చేద్దామనుకుంటున్నాం. దానికి వాడే ప్లేటు (తెలిసినంత కాంతిని చిమ్మే పలక) ఉంది.

గాలికోడి:
చేయండి, కానీ పొద్దున కాదు. వాన, మంచు లేకుండా విజిబిలిటీ 10 కిలోమీటర్లు దాటిన మధ్యాహ్నం చేయండి. ముందుగా టవర్‌కీ మెట్ ఆఫీసుకీ చెప్పి సెన్సర్‌ని మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టండి. ప్లేటు పెట్టగానే రీడింగ్ దట్టమైన పొగమంచంత పడిపోతుంది. అది మీటార్‌లోకి (ఎయిర్‌ఫీల్డు వాతావరణ రిపోర్టు) జారితే ఎండ కాస్తుండగా ఫాగ్ స్పెసి (వాతావరణం మారిందని పంపే ప్రత్యేక రిపోర్టు) వెళ్లిపోతుంది.

మొదట రెండు గాజులూ ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌తో, పోగులు రాలని గుడ్డతో తుడవండి. పొడి గుడ్డతో రుద్దితే ధూళే గీతలు పెడుతుంది. తర్వాత రిసీవర్‌ని పూర్తిగా మూసి జీరో (కాంతి అందనప్పటి సిగ్నల్) చూడండి. సున్నా దగ్గర లేకపోతే ప్లేటు దాకా పోవడం దండగ, లోపం ఎలక్ట్రానిక్స్‌లో ఉంది. జీరో బాగుంటే ప్లేటు బిగించి, సెన్సర్ ముందు నుంచి పక్కకి జరగండి. తెల్లచొక్కా దగ్గర్లో ఉన్నా కాంతి తిరిగొస్తుంది. సగటు నిలకడపడే దాకా, అంటే కొన్ని నిమిషాలు ఆగి, వచ్చిన అంకెని ప్లేటు మీద రాసినదానితో పోల్చండి. తేడా మాన్యువల్ చెప్పిన హద్దులో ఉంటే ఏమీ ముట్టుకోవద్దు. ప్రతిసారీ కాస్త కాస్త సర్దుతూ పోతే ఏడాదికి మొదటి లెక్క ఎక్కడుందో దొరకదు. ప్లేటుని అంచులతోనే పట్టుకోండి, వేలిముద్ర పడినా అంకె మారుతుంది.

మంచుతెర:
సాలీళ్లకి పురుగుమందు కొట్టాలనిపిస్తుంది. గాజు దరిదాపుల్లో మాత్రం కొట్టకండి, నూనె పొర అంటుకుంటుంది. స్తంభం అడుగున గడ్డి కోయించి, దగ్గర్లో దీపం ఉంటే వేరే వైపు తిప్పించండి. దీపానికి పురుగులు, పురుగుల కోసం సాలీళ్లు. చలికాలంలో సాయంత్రం చీపురుపుల్లతో ఒకసారి చుట్టూ తిప్పితే చాలు, గాజుకి తగలనివ్వకండి. చేతిలో పని ఉండగానే వానగేజ్ గరాటు కూడా చూడండి, చీమలు పుట్ట పెట్టుకుంటే లోపల వాననీటిని కొలిచే చిన్న బకెట్ తిరగదు.