బోనాల్లో పూనకం వచ్చేవాళ్లను అబ్నార్మల్ అనాలా? ఎం.ఏ. సైకాలజీలో రెండు డౌట్లు

ఓరుగల్లు_విద్యార్థిని:

అందరికీ నమస్తే. దూరవిద్యలో ఎం.ఏ. సైకాలజీ చదువుతున్నాను, అబ్నార్మల్ సైకాలజీ మొదటి యూనిట్ దగ్గరే ఆగిపోయాను. మెటీరియల్‌లో నాలుగు గుర్తులు ఇచ్చారు: నలుగురిలా లేకపోవడం, బాధ, రోజువారీ పనులు దెబ్బతినడం, తనకో ఎదుటివాళ్లకో ప్రమాదం. చదువుతుంటే అర్థమైనట్టే ఉంటుంది కానీ తెలిసిన మనిషిని తీసుకుని చూస్తే కుదరట్లేదు. మా పెద్దమ్మకు ఏటా ఆషాఢంలో బోనాలప్పుడు పూనకం వస్తుంది. డప్పు మొదలవగానే ఊగిపోతుంది, వేపమండలు పట్టుకుని వేరే గొంతుతో మాట్లాడుతుంది, తర్వాత అడిగితే ఏమీ గుర్తులేదంటుంది. మర్నాడు తెల్లారేసరికి మళ్లీ టిఫిన్ బండి దగ్గర ఉంటుంది, చిల్లర లెక్కలో రూపాయి తేడా రానివ్వదు. మొదటి గుర్తు పట్టుకుంటే అబ్నార్మల్, మిగతా మూడూ చూస్తే కాదు. మరి ఏమనాలి?

రెండోది, అదే యూనిట్‌లో కేస్ స్టడీ, సర్వే, సహసంబంధ అధ్యయనం (రెండు విషయాలు కలిసి మారతాయా అని చూసేది), ప్రయోగం అని పరిశోధన పద్ధతులు ఉన్నాయి. ఈ పాఠానికీ ఆ పాఠానికీ సంబంధమేంటో నాకు దొరకలేదు. పైగా మనిషికి కావాలని జబ్బు తెప్పించి ప్రయోగం చేయలేం కదా, అలాంటప్పుడు ఫలానా దానివల్లే ఫలానా జబ్బు వస్తుందని ఎలా తేలుస్తారు? బట్టీ పట్టి రాస్తే మార్కులు వస్తాయి, నాకు మాత్రం అర్థం చేసుకోవాలని ఉంది.

ఓపీ_గది:

క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నానమ్మా, మీ పెద్దమ్మగారి సంగతి వరకు చెప్తాను. ఆ నాలుగు గుర్తులకూ సమానమైన బరువు లేదు. నలుగురిలా లేకపోవడం అనేది ఒక్కటే ఉంటే దాన్ని జబ్బు అనం, ఎందుకంటే ఆ లెక్కన పద్దెనిమిదేళ్లకే అష్టావధానం చేసే కుర్రాడు కూడా రోగే. మేము ముందు అడిగేది బాధ గురించి, పనులు దెబ్బతినడం గురించి. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ-11లో, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో, పూనకానికి దగ్గరగా ఉండే రుగ్మత ఒకటి నిజంగానే ఉంది, అయితే అక్కడే స్పష్టంగా రాశారు: ఆ స్థితి మనిషి కోరుకోకుండా రావాలి, ఆ సమాజం ఒప్పుకున్న ఆచారంలోనో మతాచారంలోనో భాగమై ఉండకూడదు, దానివల్ల గట్టి బాధో నష్టమో ఉండాలి. బోనాల రోజు గుడి ముందు, అందరూ ఎదురుచూసే వేళకు వచ్చి, మర్నాటికి మనిషి మామూలుగా పనిలో ఉంటే అది ఈ కొలతల్లో దేనికీ రాదు.

అదే పూనకం ఏ పండగా లేని రోజున ఆఫీసులోనో బస్సులోనో వస్తూ, ఆవిడ భయపడిపోయి బయటికి వెళ్లడం మానేస్తే అప్పుడు మాట వేరు. అలాంటివాళ్లు వస్తే ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఇంట్లోవాళ్లు దాన్ని ఏమనుకుంటున్నారు, అయ్యాక ఎలా ఉంటారు అని అడుగుతాం, ఫిట్స్ లాంటివి కాదని తేల్చుకోవడానికి న్యూరాలజీకి కూడా పంపిస్తాం. మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని మూడో సెక్షన్ కూడా చదవండి. ఒక మనిషి తన సమాజపు నీతికో మత విశ్వాసాలకో తగ్గట్టు నడుచుకోవడం లేదన్న కారణంతో మానసిక జబ్బు ఉందని తేల్చకూడదని అందులో ఉంది. ఆ వాక్యం పుస్తకంలో ఉన్నంతగా బయట కనిపించదు, ఇష్టంలేని పెళ్లికి ఒప్పుకోలేదని ఆడపిల్లల్ని మా దగ్గరకు లాక్కొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

పాత_లెక్చరర్:

రెండు పాఠాలకూ సంబంధం ఏమిటన్నారు, మంచి ప్రశ్న అడిగారు. ఎవరిని చూసి వచ్చాం అన్నదాన్ని బట్టే ఏది అబ్నార్మల్ అన్నది తేలుతుంది, సంబంధం అదే. దీనికి అమెరికన్ సైకాలజిస్టు ఎవెలిన్ హుకర్ పనిని మించిన ఉదాహరణ నాకు తెలియదు.

అమెరికాలో 1952లో వచ్చిన మొదటి డీఎస్ఎంలో, అంటే అక్కడి సైకియాట్రిస్టుల సంఘం వేసిన మానసిక రుగ్మతల జాబితాలో, స్వలింగ సంపర్కాన్ని రుగ్మతల్లో చేర్చారు. ఆధారాలేమిటంటే, డాక్టర్లు చూసిన స్వలింగ సంపర్కులందరూ కుంగిపోయి ఉన్నారట. ఉంటారు మరి, డాక్టరు దగ్గరకు, జైలుకు వచ్చినవాళ్లనే చూశారు కాబట్టి! హుకర్ ఏం చేశారంటే వైద్యంలో లేని 30 మంది స్వలింగ సంపర్క పురుషులను, మరో 30 మంది ఇతర పురుషులను తీసుకుని, వయసు, చదువు, ఐక్యూ సరిపోయేలా జతలు కట్టారు. అందరికీ రోషాక్ (సిరా మరకల్లో ఏం కనిపిస్తోందో చెప్పమనేది) వంటి పరీక్షలు పెట్టి, ఎవరు ఎవరో తెలిసే గుర్తులన్నీ తీసేసి ఆ జవాబులను నిపుణులకు ఇచ్చారు. మనుషులు ఎంత కుదురుగా ఉన్నారన్న మార్కుల్లో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు, జతల్లో స్వలింగ సంపర్కి ఎవరో చెప్పమంటే గుడ్డిగా ఊహించినదానికంటే మెరుగ్గా చెప్పలేకపోయారు. ఇది 1957లో అచ్చయింది. 1973లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ సంపర్కాన్ని ఆ జాబితా నుంచి తీసేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. మన సుప్రీంకోర్టు స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన ఐపీసీ 377 సెక్షన్ మీద తీర్పు ఇచ్చింది 2018 సెప్టెంబరు 6న. అది నేరం గురించి, ఇది జబ్బు గురించి, రెండూ కలిపి రాయొద్దు.

60 మందితో ఏం తేలుతుంది, పైగా వాళ్లను యాదృచ్ఛికంగా ఎంచుకోలేదు కదా అని ఎగ్జామినర్ అడగొచ్చు. నిజమే, జనంలో ఎంత శాతం అని చెప్పాలంటే ఆ నమూనా పనికిరాదు. కానీ ఆమె ఎదుర్కొన్న వాదన "వీళ్లందరూ రోగులే" అన్నది, "అందరూ" అన్న మాటను కూల్చడానికి కుదురుగా ఉన్న కొద్దిమంది చాలు. పద్ధతి మంచిదా కాదా అని విడిగా అడగకండి, ఏ ప్రశ్నకు అని కలిపి అడగండి.

ఇద్దరి_అమ్మ:

నేను సైకాలజీ చదవలేదు చెల్లీ, మా పెద్దబాబుకు ఆటిజం, అందుకని చదవాల్సి వచ్చింది. కారణం ఎలా తేలుస్తారన్న మీ ప్రశ్నకు నా దగ్గర ఒక జవాబు ఉంది. ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లే తల్లి ప్రేమగా లేకపోవడం వల్ల ఆటిజం వస్తుందన్నారు. పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో ఆటిజాన్ని వర్ణించాడు, కొన్నేళ్లకు ఆ తల్లిదండ్రుల చల్లదనం గురించి రాశాడు, తర్వాత బ్రూనో బెటెల్‌హైమ్ ఆ మాటను ఊరూరా ప్రచారం చేశాడు. పలకని బిడ్డ ముందు ఏళ్లతరబడి కూర్చున్న తల్లి ముఖం వాడిపోయి ఉంటే, ఏది ముందు ఏది వెనక అని ఒక్కరైనా ఆలోచించవద్దా? రెండూ కలిసి కనిపిస్తే ఏది దేనికి కారణమో చెప్పలేమని మీ పుస్తకంలో ఒక్క లైనులో రాసి ఉంటుంది, ఆ ఒక్క లైను మరిచిపోయినందుకు ఎంతమంది తల్లులు ఏడ్చారో.

దాన్ని దెబ్బకొట్టిన వాటిలో కవలల అధ్యయనం ఒకటి. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైఖేల్ రటర్ బ్రిటన్‌లో 21 కవల జతలను చూశారు, ప్రతి జతలో ఒకరికైనా ఆటిజం ఉంది. 11 జతలు ఒకేలా ఉండే కవలలు, అంటే జన్యువులు దాదాపు ఒకటే, వాటిలో 4 జతల్లో ఇద్దరికీ ఉంది. మిగతా 10 మామూలు కవలలు, ఒక్క జతలో కూడా ఇద్దరికీ లేదు. రెండు రకాల కవలలనూ పెంచింది ఒక్కో తల్లే, పెంపకమే కారణమైతే ఈ తేడా ఎందుకు వస్తుంది? ప్రయోగం చేయకుండానే ప్రకృతి పెట్టిన తేడాను వాడుకున్నారు. అయితే 11లో 7 జతల్లో రెండో బిడ్డకు లేదు కాబట్టి జన్యువులతోనే అంతా అయిపోదు. చిన్న అధ్యయనమే, తర్వాత వచ్చిన పెద్దవి కూడా జన్యువుల పాత్ర పెద్దదనే చెప్పాయి. నువ్వు ఉద్యోగానికి వెళ్లడం వల్లే వీడిలా అయ్యాడని మా బంధువుల్లో ఇప్పటికీ అనేవాళ్లున్నారు. పరీక్షలో ఇది తప్పకుండా రాయండి.

ఓరుగల్లు_విద్యార్థిని:

అక్కా, మీ జవాబు రెండుసార్లు చదివాను. సర్, మేడం, మీ ఇద్దరికీ థాంక్స్. ఇంకొక్కటి అడుగుతాను. ప్రాజెక్టుకు మా జిల్లా ఆసుపత్రి ఓపీలో 30 మందికి పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ లక్షణాలు అడిగే తొమ్మిది ప్రశ్నల ఫారం) ఇచ్చి, ఫోన్ వాడకంతో డిప్రెషన్ వస్తుందని చూపిద్దామనుకుంటున్నాను. సరిపోతుందా?

పాత_లెక్చరర్:

"వస్తుందని" అన్నది కొట్టేసి "సంబంధం ఉందా" అని పెట్టండి. నిద్రపట్టక దిగులుతో ఫోన్ పట్టుకునేవాళ్లు కూడా ఉంటారు, ఒక్కసారి అడిగితే ఆ దిశ తెలియదు. ఓపీకి వచ్చినవాళ్లను బట్టి జిల్లా సంగతి చెప్పకండి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో ఇంటింటికీ తిరిగి చేసిన జాతీయ సర్వేలో డిప్రెషన్ ఉన్నవాళ్లలో దాదాపు 85 శాతం మందికి వైద్యమే అందట్లేదని తేలింది, అంటే మీకు ఓపీలో కనబడేది చిన్న ముక్క. ఆ సర్వేలో పెద్దల్లో 10.6 శాతానికి అప్పట్లో ఏదో ఒక మానసిక సమస్య ఉందని వచ్చింది, కానీ తీసుకున్న 12 రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్ర రెండూ లేవు. ఆ అంకెను మన రాష్ట్రానికి అంటించి రాసిన ప్రాజెక్టులు చాలా చూశాను.

ఓపీ_గది:

ఒక్కటి మర్చిపోకండి. పీహెచ్‌క్యూ-9లో మొత్తం 27 మార్కులు, 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఇంకా లోతుగా చూడాలని మాత్రమే, డిప్రెషన్ అని తేలినట్టు కాదు. దానిలో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. ఎవరైనా అక్కడ సున్నా కాకుండా వేరే ఏది టిక్ చేసినా ఫారం ఫైల్లో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోకూడదు. అక్కడే, అప్పుడే చూసి, ఏ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలో ముందే మాట్లాడి పెట్టుకోండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 కాగితం మీద రాసి అందరికీ ఇవ్వండి. ఎథిక్స్ కమిటీ అనుమతి, ప్రతి మనిషి సంతకం లేకుండా ఒక్క ఫారం కూడా నింపించొద్దు. గైడ్‌గారు అవసరం లేదన్నా సరే.