ఈఎస్ఐ భృతి వస్తుందా, చిట్టీ పాడుకోవాలా?

ప్రశ్న: జీడిమెట్లలో ప్యాకింగ్ సూపర్‌వైజర్‌ని. జీతం 18,000, ఈఎస్ఐ కట్ అయ్యేది. కంపెనీ మూతపడింది. ఇంకోచోట 12,000కి రేపే రమ్మంటున్నారు. ఇంటి ఓనరేమో ఒకటో తారీఖుకే తలుపు కొడతాడు. చేరిపోనా, చిట్టీ పాడుకుని ఆగనా?

జవాబు 1: అన్నా, అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన చూడు, ఉద్యోగం పోయినవాళ్లకు ఈఎస్ఐ ఇచ్చే భృతి అదే. 2018లో మొదలైనప్పుడు పాతిక శాతమే, 2020 నుంచి సగటు రోజు జీతంలో సగం. 90 రోజుల దాకా, జన్మలో ఒక్కసారే. నీకు రోజుకు 300 లెక్కన 27,000. రెండేళ్ల సర్వీసుండాలి. గడువు పొడిగిస్తూ నడిపే పథకం, ఈఎస్ఐ బ్రాంచిలో కనుక్కో.

జవాబు 2: భృతి ఇస్తే పని వెతకరంటారు కొందరు. 300తో ఎవరు కూర్చుంటారండీ! కాకపోతే నాలుగు గేట్లు తిరిగే ఓపికొస్తుంది. 12,000కి చేరితే తర్వాతోడు ఆ స్లిప్ చూసే బేరమాడతాడు.

ప్రశ్నించినవారు: చిట్టీ సగం కూడా కాలేదు, ఇప్పుడు పాడితే బాగా కోత. ముందు బ్రాంచికి పోతా.