సరళ యంత్రాల పాఠానికి కిట్లు కొనాలా, సైకిలూ గిరకా సరిపోతాయా?

హన్మకొండ సైన్స్ టీచర్
ఎనిమిదో తరగతి టెక్నాలజీ పీరియడ్ల గురించి మా బడిలో రెండు మాటలు నడుస్తున్నాయి. గిరకలు, లివర్ పట్టీ, వాలు పలక, పళ్ల చక్రాలు ఉన్న ప్లాస్టిక్ కిట్లు ఆరు తెప్పిద్దామని కొందరు. ఆ డబ్బు దండగ, సైకిల్, బావి గిరక, చెక్క పలకలతో పని కానిద్దామని మిగతావాళ్లు. క్లాసులో 48 మంది, పీరియడ్ 45 నిమిషాలు. మీరైతే ఏమంటారు?

లెక్కల సారు, జనగామ
కిట్లే. 48 మంది మధ్య ఒక సైకిల్ పెడితే ముందున్న ఎనిమిది మంది సైకిల్‌ను చూస్తారు, మిగతా నలభై మంది వాళ్ల వీపులు చూస్తారు. ఆరు కిట్లుంటే ఆరు గుంపులు. అందరికీ ఒకే గిరక, ఒకే బరువు కాబట్టి బోర్డు మీద అంకెలు పక్కపక్కన రాసి పోల్చొచ్చు. ఒకరిది ఇనుప గిరక, ఇంకొకరిది చెక్కది అయితే తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలేలోపు గంట కొడతారు.

ఐటీఐ ఫిట్టర్, వరంగల్
గుంపుల మాట ఒప్పుకుంట సారూ. కానీ ఆ కిట్లల్ల గిరకను ఎప్పుడన్న చేత్తో తిప్పి చూసిన్రా? బేరింగ్ ఉండదు, సన్న చువ్వ మీద ప్లాస్టిక్ చక్రం అంతే. వాడంగ వాడంగ రంధ్రం కోలగ అరుగుతది, చక్రం ఒరుగుతది, దారం గాడి దాటి చువ్వకు చుట్టుకుంటది.

గిరక బడిలనే చేసుకోవచ్చు. 608 బేరింగ్ (రెండు రింగుల నడుమ గోలీలు ఉండేది) తెచ్చుకోండ్రి: లోపలి రంధ్రం 8 మి.మీ., బయటి కొలత 22, మందం 7. రబ్బర్ సీల్ ఉన్నదొద్దు, చిన్న బరువులకు ఆ సీలే పట్టేస్తది. రేకు షీల్డ్ ఉన్నది అడగాలె. 6 మి.మీ. ప్లైవుడ్‌ల 50 మి.మీ. బిళ్ల కోసి, నడుమ 22 రంధ్రం చేసి బేరింగ్‌ను బిగువుగ దిగగొట్టాలె. అటూ ఇటూ 60 మి.మీ. పల్చటి బిళ్లలు అతికిస్తే గాడి తయారు. ఆ పక్క బిళ్లల రంధ్రం 24 పెడితే బేరింగ్‌కు తగలదు. 8 మి.మీ. బోల్టు బిగించేటప్పుడు లోపలి రింగుకే ఆనే చిన్న స్పేసర్ వేయాలె. పెద్ద వాషర్ వేస్తే బయటి రింగును కూడ పట్టుకుంటది, గిరక కదలదు. దారం 1 మి.మీ. నైలాన్‌ది. సుతిలి గాడిల వంగదు, పీచు లేస్తది.

ఫిజిక్స్ మేడం, హుజూరాబాద్
గిరక ఎవరిదైనా కొలిచే పద్ధతి తప్పితే ఫలితం ఉండదు. స్థిర గిరక (పైన ఒకచోట బిగించినది) ప్రయోగంలో స్ప్రింగ్ త్రాసును తలకిందులుగా పట్టి కిందికి లాగిస్తుంటారు. కొక్కెం, దాని కడ్డీ కిందికి వేలాడుతున్నప్పుడు సున్నా చూపేలా త్రాసును దిద్ది ఉంటారు. తిప్పి పట్టగానే ఆ బరువు స్ప్రింగ్‌కు ఎదురు పడుతుంది. కొక్కెం, కడ్డీ కలిసి 15 గ్రాములుంటే రీడింగ్ 30 తగ్గుతుంది. ఘర్షణతో కలిపి నిజంగా 520 పడుతున్న చోట త్రాసు 490 చూపిస్తుంది. 500 గ్రాముల బరువును స్థిర గిరకతో తక్కువ బలానికే ఎత్తామని పిల్లలు సంబరపడి రాసేస్తారు. త్రాసు బదులు దారం చివర సంచి కట్టి, బరువు నిదానంగా లేచేదాకా ఇసుక పోయించండి. తర్వాత సంచిని తూస్తే సరి.

చలన గిరకతో, అంటే బరువుతో పాటు కదిలే గిరకతో, ఇంకో పని చేయించొచ్చు. బరువు 500 గ్రాములు, గిరక 30 అనుకుందాం. ఘర్షణ లేకపోతే 265 చాలు. మెల్లగా ఎత్తేటప్పుడు 310, మెల్లగా దించేటప్పుడు 220 వచ్చాయనుకోండి. రెండింటి సగటు 265. సగటుకు అటూ ఇటూ ఉన్న 45 ఘర్షణది. దక్షత (పెట్టిన పనిలో అక్కరకొచ్చిన వంతు) 500 ÷ (2 × 310), అంటే దాదాపు 81 శాతం.

లెక్కల సారు, జనగామ
మేడం, ముందు యాంత్రిక లాభం (ఎత్తిన బరువు ÷ పెట్టిన బలం) 2 అని గట్టిగా పట్టుబడాలి కదా. మొదటి రోజే 1.6 వస్తే సూత్రమే తప్పనుకుంటారు.

ఫిజిక్స్ మేడం, హుజూరాబాద్
అనుకోరు సార్, కారణం అక్కడికక్కడే చూపిస్తే. వాలు పలకలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మీటరు పొడవు పలక, 25 సెం.మీ. ఎత్తు: పుస్తకం లెక్కన లాభం 4. దాని మీద 800 గ్రాముల చెక్క దిమ్మను లాగితే, ఘర్షణ గుణకం (పలకను నొక్కే బలంలో ఘర్షణ ఎన్నో వంతో) 0.4 ఉన్నా 200కు బదులు 510 పడుతుంది. అదే 800 చక్రాల బండిగా మార్చి లాగితే 200కు కాస్త పైన ఆగుతుంది. దారం పలకకు సమాంతరంగా ఉండాలి, పైకి ఎత్తిపట్టి లాగితే రెండు లెక్కలూ చెడతాయి.

సైకిల్ షాపు, పరకాల
యంత్రమంటే బలం తగ్గించేదని పిల్లలకు నూరిపోస్తరు. సైకిల్ దానికి ఉల్టా. ముందు 44 పళ్లు, వెనక 18 ఉంటే పెడల్ ఒక చుట్టుకు చక్రం 2.44 చుట్లు. 28 అంగుళాల చక్రం చుట్టుకొలత 2.23 మీటర్లు, అంటే బండి 5.4 మీటర్లు పోతది. 17 సెం.మీ. క్రాంక్ (పెడల్ బిగించిన కడ్డీ) మీద పాదం తిరిగేది 1.07 మీటర్లే. కాబట్టి పెడల్ మీద 20 కిలోలు తొక్కితే రోడ్డు మీద 4 కిలోల తోపుడే మిగులుతది. బలం పోయింది, దూరం వచ్చింది. ఏ కిట్‌ల చూపిస్తరు ఇది?

స్టాండ్ వేసి గిర్రున తిప్పితే లెక్క తప్పుతది. ఫ్రీవీల్ ఉంటది గదా, పెడల్ ఆగినంక కూడ చక్రం తిరుగుతనే ఉంటది. స్టాండ్ తీసి సైకిల్‌ను వెనక్కి నడిపించుండ్రి, అప్పుడు పెడల్ కూడ వెనక్కి తిరుగుతది. ఒక చుట్టుకు నేల మీద చాక్‌పీసుతో గీత కొట్టి టేపు పెట్టుండ్రి. చైన్ దగ్గర వేళ్లు పెట్టనియ్యొద్దు.

మరమగ్గాల మాస్టర్, సిరిసిల్ల
పళ్ల చక్రాలకు మా మగ్గాన్ని మించిన పాఠం లేదు. సాదా నేతల క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే కింది షాఫ్ట్ (పడుగును, అంటే నిలువు దారాలను, ఎత్తి దించేది) ఒక చుట్టు. ఎందుకంటే క్రాంక్ ఒక చుట్టుకు ఒక పేక (అడ్డ దారం) పడుతది. నాడె ఒకసారి పోయి వచ్చేసరికి రెండు పేకలు పడుతయి, పడుగు రెండుసార్లు తారుమారు కావాలె. కరెంటు తీసినంక చేత్తో చక్రం తిప్పి పళ్లు లెక్కబెట్టిస్తే నిష్పత్తి వాళ్లే చెప్తరు. నడిచే మగ్గం దగ్గరికి మాత్రం పిల్లల్ని రానియ్యొద్దు.

ఐటీఐ ఫిట్టర్, వరంగల్
ఎద్దులతోని నీళ్లు తోడే మోట బావి కూడ చెప్పుండ్రి. పై గిరక బలం తగ్గించదు, దిక్కు మారుస్తది అంతే. ఎద్దులు వాలు దిగుతయి కాబట్టి వాటి బరువే సాయం. ఐదుకు ఒకటి వాలుల 600 కిలోల జోడుకు దాదాపు 118 కిలోల లాగుడు ఊరికే వస్తది.

లెక్కల సారు, జనగామ
సైకిల్ సంగతి ఒప్పుకుంటాను, బయట గ్రౌండులో ఒక పీరియడ్ ఇవ్వొచ్చు. మోట, మగ్గం చెప్పడానికి బాగుంటాయి, కొలవడానికి కాదు. గుంపుల పనికి ఆరు జతల సామాను ఉండాల్సిందే, ఎక్కణ్ణుంచి వచ్చినా సరే. ఫిట్టర్ గారి గిరకలు బడిలో ఎవరు కోస్తారు?

హన్మకొండ సైన్స్ టీచర్
గుంపుకు రెండు చొప్పున పన్నెండు గిరకలు ఐటీఐలో కోయించొచ్చు, ఫిట్టర్ గారు ఒప్పుకుంటే. కిట్ డబ్బుతో త్రాసులు కొందామనుకుంటున్నా. ఎంత కొలిచేవి?

ఫిజిక్స్ మేడం, హుజూరాబాద్
500 గ్రాములవి, గీతకు 10 గ్రాములవి. కూరగాయలు తూచే 5 కిలోల త్రాసు తేవొద్దు. దానిలో గీతకు 50 ఉంటే 265కూ 310కీ తేడా ఒక్క గీత కూడా రాదు. చెక్క దిమ్మను 500 లోపు పెట్టుకోండి, 800దైతే త్రాసు చివరి గీత దాటిపోతుంది.