ఫార్ములా-ఈ రేసుల రీజెన్ వల్ల మన కార్లకు ఒరిగేదేమిటి?

ఓల్ట్‌మీటర్: 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన పరిగెత్తిన జెన్3 కార్లు (ఫార్ములా-ఈ ఎలక్ట్రిక్ రేసు కార్లలో మూడో తరం) రేసులో వాడే శక్తిలో 40 శాతం దాకా బ్రేకింగ్‌తోనే వెనక్కి రాబట్టుకుంటాయి. ముందు మోటారు 250, వెనకది 350, మొత్తం 600 కిలోవాట్ల రీజెన్, అంటే బ్రేకు వేసినప్పుడు మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపడం. రేపు మన కార్లలోకి వచ్చేదీ ఇదే. ఇంకా పెట్రోలు, హైబ్రిడ్ అని వేలాడటం దేనికి?

పిస్టన్ పంతులు: ఆ 40 శాతం ఆకాశం నుంచి ఊడిపడిందా? బ్యాటరీలోంచి తీసి కారును ఉరికించారు, బ్రేకు కొట్టి కొంత వెనక్కి వేశారు, మళ్లీ అదే తీశారు. దాన్ని కొత్త కరెంటుగా లెక్కేస్తే ఎలా? 1,600 కిలోల కారు గంటకు 100 కి.మీ. వేగంలో ఉంటే గతిజశక్తి 0.17 యూనిట్లు. పూర్తిగా ఆపితే నష్టాలు పోను 0.11 చేతికొస్తుందనుకోండి. కిలోమీటరుకు 0.15 తాగే కారు దాంతో ముప్పావు కిలోమీటరు పోతుంది. విజయవాడ హైవే మీద ఎన్నిసార్లు ఆపుతారు? అక్కడ శక్తిని ఎక్కువగా తినేది గాలి. గాలి తిన్నది తిరిగి రాదు.

ఓల్ట్‌మీటర్: హైవే ఎందుకండీ, అమీర్‌పేట సిగ్నళ్లు తీసుకోండి.

పిస్టన్ పంతులు: తీసుకున్నా. గంటకు 40 కి.మీ. వేగంలో ఉన్నది 0.027 యూనిట్లే. మూడు సెకన్లలో ఆపినా సగటున 33 కిలోవాట్లు. ఇప్పుడున్న ఈవీలకు అదేం పెద్ద పని కాదు. మరి ఆ 600 ఎవరికోసం?

బ్రేక్‌షూ: జెన్3ని మొదట వెనక హైడ్రాలిక్ బ్రేకులు లేకుండానే తయారుచేశారు. రీజెన్ ఆగిపోతే ఏంటి గతి అని తర్వాత ఎమర్జెన్సీ బ్రేకు తగిలించారు. దాని సంగతి ఎవరూ మాట్లాడరేం?

ఓల్ట్‌మీటర్: బ్యాటరీ నిండుగా ఉంటే రీజెన్ కరెంటును తీసుకోలేదు, అందుకే రోడ్డు కారుకు డిస్కు బ్రేకులు తప్పవు. అది అందరికీ తెలిసిందే. పంతులుగారు ఒక్క అంకె పట్టుకుని వదలట్లేదు. లె మాన్స్ 24 గంటల రేసులో గెలిచిన పోర్షే 919 రేసు కారులోని 800 వోల్టుల వ్యవస్థే 2019లో టైకాన్ అనే వాళ్ల ఎలక్ట్రిక్ రోడ్డు కారుకు దారి వేసింది. అది రేసు నుంచి రాలేదా?

హెచ్2ఓ: హైడ్రోజన్‌ను మర్చిపోయారు. టయోటా 2023 ఫుజి 24 గంటల రేసులో ద్రవ హైడ్రోజన్‌తో కరోలాను నడిపింది.

ఓల్ట్‌మీటర్: మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉండే ద్రవం అది. నూనెలా జారుడు ఉండదు కాబట్టి పంపు అరిగిపోతుంది. ఆ రేసులోనే మధ్యలో పంపు మార్చారు. కారును రెండు రోజులు ఎండలో వదిలేయండి, ఆవిరైపోగా ట్యాంకులో ఎంత మిగులుతుందో చూద్దాం.

పిస్టన్ పంతులు: పంపునైనా మార్చుకోవచ్చు కదా! మీ బ్యాటరీ ప్యాక్‌ను ఎవడు ముట్టుకోనిస్తాడు? అందులో ఒక్క మాడ్యూల్ (కొన్ని సెల్స్ కలిపిన పెట్టె) పోతే ప్యాక్ మొత్తానికి బిల్లు చేతిలో పెడుతున్నారు.

ఓల్ట్‌మీటర్: ఇదా మీ బాధ! ఇంతసేపూ గతిజశక్తి అంటూ ఎందుకు తిప్పారు?

పిస్టన్ పంతులు: అవును, ఇదే. జెన్3లో బ్యాటరీ అన్ని జట్లకూ ఒకటే, బయటి సంస్థ ఇచ్చినది. జట్లు పోటీపడేది మోటారు, బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే ఇన్వర్టర్, సాఫ్ట్‌వేర్ మీద. కారులో అన్నిటికన్నా ఖరీదైన భాగం మీద పోటీ లేని రేసు, దాన్ని రిపేరు చేయడం ఎవరికి నేర్పుతుంది? ఇంజన్ ఉంటే సిలిండర్ బోర్ కొట్టించి, రింగులు మార్చి, హెడ్ గాస్కెట్ వేసి ఇంకో లక్ష కిలోమీటర్లు తిప్పే షెడ్డు ప్రతి ఊళ్లో ఉంది.

ఓల్ట్‌మీటర్: ప్యాక్‌నూ విప్పవచ్చు. ఇన్సులేటెడ్ గ్లౌజులు వేసుకుని ప్యాక్ కరెంటును తెంచే సర్వీసు ప్లగ్ తీయాలి, కంపెనీ చెప్పినంతసేపు ఆగి, వోల్టేజీ లేదని మీటర్‌తో చూడాలి, ఆ తర్వాతే మూత. కొత్త మాడ్యూల్ కెపాసిటీ, లోపలి రెసిస్టెన్స్ పాతవాటితో కలవకపోతే బలహీనమైన సెల్ దగ్గరే బీఎంఎస్ (బ్యాటరీని కాపలా కాసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) కట్ చేసేస్తుంది, రేంజ్ పెరగదు.

పిస్టన్ పంతులు: కలిసే మాడ్యూల్ ఏ షాపులో అమ్ముతారో చెప్పండి.

బ్రేక్‌షూ: నా బ్రేకు ప్రశ్న అలాగే ఉంది.