స్వర్ణముఖి ఇసుకలో తవ్వే కందిరీగ: క్రాబ్రోనిడేనా, బెంబిసిడేనా?

నది_ఇసుక: తిరుపతి చుట్టుపక్కల కీటకాల పట్టికలో ఇసుకలో తవ్వే కందిరీగ బెంబిక్స్‌ను క్రాబ్రోనిడే కుటుంబం కింద వేసినాం. బెంబిసిడేకి మార్చమంటా ఉండారు. మార్చాలా?

ఎర్రనేల: మార్చాల్సిందే. 2018లో జన్యువుల ఆధారంగా గీసిన వంశవృక్షంలో తేనెటీగలు పాత క్రాబ్రోనిడే లోపలినుంచే వచ్చినట్టు తేలింది. వాటి దగ్గరి చుట్టం అమ్మోప్లానిడే, తామర పురుగుల్ని వేటాడే బుల్లి కందిరీగలు. తేనెటీగల్ని బయటపెట్టి తక్కినవాటికి ఒకే ఇంటిపేరు పెడితే అది కుటుంబం అనిపించుకోదు. అందుకే ఫిలాంథిడే, పెంఫ్రెడోనిడే, బెంబిసిడే వేరుపడినాయి.

మామిడితోపు: వంశవృక్షం ఒప్పుకుంటా అన్నా, పట్టిక సంగతి వేరే. 1976లో కందిరీగల శాస్త్రవేత్తలు బొహార్ట్, మెంకే వీటన్నిటినీ స్ఫెసిడేలోనే పెట్టినారు. తర్వాత క్రాబ్రోనిడే, ఇప్పుడు ఇది. పాత నమూనాల చీటీలు ఎవరు దిద్దుతారు? బెంబిక్స్ అనే ప్రజాతి పేరు మారలేదు కదా, దాన్ని ముందు రాసి, కుటుంబం గడిలో ఏ సంవత్సరం వర్గీకరణో పక్కనే వేస్తే చాలు.

ఎర్రనేల: సంవత్సరం వేయడానికి అడ్డం లేదు. పాతపేరు ఒక్కటే ఉంచితే ఒప్పుకోను. స్ఫెక్స్, అమ్మోఫిలా, స్కెలిఫ్రాన్ కందిరీగలకు ఈ గొడవ లేదు, అవి స్ఫెసిడేలోనే ఉండాయి.

గూడు_చూపు: మీరు పేర్ల దగ్గర కొట్టుకుంటా ఉంటే అసలు తప్పులు ఇంకోచోట జరుగుతుండాయి. గూడు చూసి పేరు రాయొద్దండి. స్కెలిఫ్రాన్ మద్రాస్‌పటానమ్ కట్టి వదిలేసిన మట్టిగూట్లో నీలంగా మెరిసే కాలిబియాన్ బెంగాలెన్స్ చేరి, నీళ్ళతో మట్టి మెత్తజేసి గదులు మళ్ళీ వాడుకుంటుంది. రెండూ సాలీళ్ళనే పెడతాయి కాబట్టి గదిలో ఎర చూసినా తేడా తెలీదు. బయటికొచ్చిన పురుగునే చూడాలి.

పట్టిన పురుగుకు తల వెనకే ఉండే ముందురొమ్ము పైపట్టీ చూడండి. అది గుండ్రటి తమ్మెగా తిరిగి రెక్క మొదలు దాకా అందకుండా ఆగితే మీరు మాట్లాడే ఈ స్ఫెసిడే, బెంబిసిడే గుంపే. అక్కడిదాకా అంది, కూర్చున్నప్పుడు రెక్కలు పొడవునా మడుచుకుంటే కుండ కందిరీగ, వెస్పిడే. అందినా మడత లేకుండా కాళ్ళు పొడుగ్గా ఉంటే సాలీళ్ళను పట్టే పాంపిలిడే.

బెంబిక్స్‌కి పైపెదవి ముక్కులా ముందుకు పొడుచుకొస్తుంది, ముంగాళ్ళకు ఇసుక ఎగజిమ్మే ముళ్ళ వరస. పైగా ఈగల్ని ఒక్కసారే నింపి బొరియ మూసేయదు, పిల్ల పెరిగేకొద్దీ తెచ్చిపెడుతుంది. పట్టుకొచ్చిన పురుగే కందిరీగగా మారుతుందని భ్రమరకీట న్యాయం చెప్పేవాళ్ళు గది ఒక్కటి తెరిచి చూడాల. పురుగు మారదు, లోపలి పిల్ల దాన్ని తినేస్తుంది.

నది_ఇసుక: సరే, కుటుంబం పాతపేరుకొకటి, కొత్తపేరుకొకటి రెండు గళ్ళు పెడతాం. పక్కనుంచి రొమ్ము ఫొటో లేని నమోదుకు కుటుంబం ఖాళీ.

మామిడితోపు: ఖాళీ అంటే నాకు సమ్మతమే.